డబ్బాకు రెండో బెజ్జం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడగడానికి వచ్చినప్పుడు మన కార్యదర్శి ముందే ఒక షరతు పెట్టినాడు. "జ్ఞాపకాలు చెప్పేవాళ్లు బో మంది ఉన్నారన్నా. నువ్వు నీ పని గురించి చెప్పు" అన్నాడు. నా పని డబ్బాలు. ఐటీఐ చేసి హైదరాబాదు పోయి ముప్పై నాలుగేండ్లు ప్లాస్టిక్ అచ్చుల పనిలోనే ఉన్నాను. నూనె డబ్బాలు, నీళ్ల క్యాన్లు, మందు సీసాలు. మందు అంటే పురుగుమందే, వెనక బెంచీల వాళ్లు నవ్వొద్దు. అందుకని ఈ పూట పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు మోసే డబ్బా గురించి మాట్లాడతాను. అంత చిన్న వస్తువు గురించి అరగంట ఏం చెప్తాడు వీడు అనుకోవచ్చు. నాకైతే ముప్పై నాలుగేండ్లయినా దాని మీద కోపం తీరలేదు.

మనలో యాభై దాటినవాళ్లందరికీ చదరపు తగరం డబ్బా గుర్తుంటుంది. నాలుగు గ్యాలన్లు, అంటే మన లెక్కలో పద్దెనిమిది లీటర్లు. బర్మాషెల్ లాంటి కంపెనీలు కిరసనాయిలు దాంట్లోనే పంపేవి. మా అవ్వ దాన్ని సీమనూనె అనేది. నూనె అయిపోయినా డబ్బా ఆయుస్సు అయిపోయేది కాదు. పైన రేకు కోసేసి, అడ్డంగా కట్టె బిగిస్తే నీళ్ల డబ్బా. కావడికి రెండు కడితే ఇంటికి నీళ్లు వచ్చినట్టే. ఎండాకాలం మన ఊర్లో నీళ్ల కోసం ఎంత దూరం నడిచేవాళ్లమో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. రేకు చదును చేస్తే దొడ్డి తలుపు, మూత పెడితే గింజల డబ్బా. పద్దెనిమిది లీటర్ల కొలత మన చేతులకు అలా అలవాటైంది. ఈ రోజుకీ హోటలుకు పోయే నూనె డబ్బా ఆ ఆకారంలోనే ఉంది, చూడండి.

ఆ డబ్బా తెరిచేటప్పుడు అంగడాయన చేసే పని ఒకటి ఉండేది. ఒక మూల పెద్ద బెజ్జం కొట్టేవాడు. తర్వాత ఎదురు మూలకు పోయి మేకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. చిన్న బెజ్జం. అప్పుడు గానీ డబ్బా ఒంచేవాడు కాదు. నూనె సన్నగా, దారం లాగా, సీసాలోకి దిగేది. ఎందుకు రెండో బెజ్జమని అడిగితే "గాలికి" అనేవాడు. అంతే ఆయన శాస్త్రం. దాని వెనకున్న అసలు శాస్త్రం ఈ బడిలో తెలిసింది. భౌతికశాస్త్రం చెప్పే సారు గ్లాసు నిండా నీళ్లు పోసి, పైన అట్ట ముక్క పెట్టి, తలకిందులు చేసి అరచెయ్యి తీసేశారు. నీళ్లు పడలేదు. కింద నుంచి గాలి నొక్కుతున్నది రా అన్నారు. లోపలికి గాలి పోకుంటే బయటికి నీళ్లు రావు అన్నారు. అంగడాయన ఒక్క మాటలో చెప్పిందీ, సారు మూడు వాక్యాల్లో చెప్పిందీ ఒకటే.

ఇది కొంచెం వివరంగా చెప్తాను, మిగతాదంతా దీని మీదనే నిలబడుతుంది. ఒకే మూతి ఉన్న డబ్బాను బాగా ఒంచితే ఆ మూతి మొత్తం నూనెతో నిండిపోతుంది. కొంత నూనె బయటికి రాగానే లోపల ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి తోసుకుని అదే మూతి గుండా లోపలికి పోవాలని చూస్తుంది. ఒక బుడగ పోతుంది, నూనె ఆగుతుంది. మళ్లీ నూనె వస్తుంది, గాలి ఆగుతుంది. గుడగుడమని శబ్దం వచ్చేది అందుకే. ఆగి, వచ్చి, ఆగి, వచ్చినప్పుడు ప్రతిసారీ ఒక కుదుపు ఉంటుంది. ఆ కుదుపుకు ధార ముందుకు ఎగురుతుంది. మనం చెయ్యి ఎంత కదలకుండా పట్టుకున్నా సరే. చాలామంది తమ చెయ్యి వణికిందనుకుంటారు. వణికేది లోపలి గాలి. నీళ్లయితే కాళ్లు తడుస్తాయి, అంతకు మించి ఏం కాదు. పెట్రోలైతే అది ఎక్కడ పడుతుందన్నదాని మీద ఉంటుంది.

పాతకాలం వాళ్లకు ఇది తెలియక కాదు. మంత్రాలయం మన పక్కనే, కమండలం పటాల్లోనైనా చూసి ఉంటారు. పైన వెడల్పు నోరు, పక్కన సన్న ముక్కు. ముక్కు నుంచి నీళ్లు, నోటి నుంచి గాలి. ఎన్ని వందల ఏండ్ల పాత్రో గానీ గుడగుడమనదు. కొబ్బరిబోండాం కొట్టేవాడు కూడా సీసాలోకి ఒంపాలంటే రెండో బెజ్జం పెడతాడు.

మన చదరపు డబ్బాకు మంచి గుణాలు ఎన్ని ఉన్నా మోతకు పనికిరాదు. రేకు పలచన, అతుకులు ఊరికే వీడిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం ఇదే నాలుగు గ్యాలన్ల డబ్బాల్లో పెట్రోలు మోసింది. బయలుదేరిన చోటు నుంచి వాడే చోటికి చేరేలోపు నూటికి ముప్పై వంతులు కారిపోతున్నదని వాళ్ల సేనాధిపతే లెక్క కట్టాడు. ఆ డబ్బాకు సైనికులు పెట్టిన పేరు ఫ్లిమ్జీ. మన మాటలో పల్చటి రేకు అనుకోండి. అదే ఎడారిలో వాళ్లకు జర్మన్ డబ్బాలు చిక్కినాయి. చిక్కినవాటిని చిక్కినట్టే వాడుకున్నారు, తర్వాత అచ్చం అట్లాంటివే చేయించుకున్నారు. జర్మన్లను వాళ్లు జెర్రీ అని పిలిచేవాళ్లు గనక అది జెర్రీక్యాన్ అయింది.

1937 నాటి ఆ డబ్బాను నేను చేతిలో పట్టుకుని చూశాను, హైదరాబాదులో పాత సామాన్ల బజారులో. కొనలేకపోయాను, ఆయన చెప్పిన ధర అట్లాంటిది. ఇరవై లీటర్లు. రెండు రేకు సగాలను అచ్చులో ఒత్తి మధ్యన కలిపి అతికారు. అతుకు లోపలికి నొక్కి ఉంటుంది, కింద పడినా దానికి దెబ్బ తగలదు. పైన మూడు పిడులు. ఒక్కడు మోస్తే నడిమి పిడి, ఇద్దరు మోస్తే చెరొక పక్క పిడి. ఖాళీవైతే ఒక్క చేత్తో రెండు పట్టుకోవచ్చు. మూత తిప్పే పని లేదు, మీట నొక్కితే తెరుచుకుంటుంది, నొక్కితే బిగుసుకుంటుంది. మూతి లోపల సన్న గొట్టం ఒకటి డబ్బా పైభాగంలో ఉన్న ఖాళీ దాకా పోతుంది. అదీ మా అంగడాయన మేకు బెజ్జమే! నూనె వస్తుంటే గాలి ఆ గొట్టం గుండా లోపలికి పోతుంది. పైన ఆ ఖాళీ ఊరికే వదిలింది కాదు. ఎండకు పెట్రోలు పొంగితే అక్కడ చోటు ఉంటుంది, నీళ్లలో పడేస్తే డబ్బా తేలుతుంది. చేసినవాళ్లు దేనికోసం చేశారో ఆ పని మనకు పడదు. అయినా పనితనం పనితనమే. ఎనభై ఏండ్లు దాటినా ప్రపంచంలో సైన్యాలు ఇంకా అదే ఆకారం వాడుతున్నాయి.

ఇక మన ప్లాస్టిక్ క్యాను దగ్గరికి వస్తాను. ఇది నా సొంత ఇలాకా.

డబ్బా ఎట్ల చేస్తారంటే, ప్లాస్టిక్ గుళికలను కరిగించి మెత్తటి గొట్టంలాగా కిందికి వదులుతారు. రెండు సగాల అచ్చు దాని మీద మూసుకుంటుంది. లోపలికి గాలి ఊదుతారు. బుడగ ఊదినట్టు ఊది అచ్చు గోడలకు అంటిస్తారు. చల్లారినాక అచ్చు తెరిస్తే డబ్బా. ఎంతసేపు? మీరు ఒక వక్క నమిలేంత. తేలిక, తుప్పు పట్టదు, పడితే సొట్ట పోదు, చవక. ఇంత మంచి వస్తువును ఎట్ల చెడగొట్టినారో చూడండి. మంచినూనెకు, ఫినాయిలుకు, ఆసిడ్‌కు, పురుగుమందుకు చేసిన డబ్బాయే పెట్రోలుకూ, డీజిలుకూ పనికొస్తుంది పొమ్మన్నారు. ఒకే మూతి, అది కూడా వెడల్పుగా, చిన్నగా. ముక్కు లేదు, గాలి దారి లేదు, పిడి ఎప్పుడూ బరువు లేని వైపే. ఇరవై లీటర్ల డీజిలు దాదాపు పదిహేడు కిలోలు. దాన్ని రొమ్ము ఎత్తుకు లేపి, ఆయిలింజను ట్యాంకు బెజ్జానికి గురి పెట్టి, గాలి కుదుపును ఓర్చుకుంటూ పోయాలి. కాలువ గట్టు మీద ఇంజను పెట్టుకున్న ప్రతి రైతూ పొద్దున్నే ఈ సర్కసు చేశాడు. గట్టు మట్టి నల్లగా నానిపోయి ఉండేది. ఎంత డీజిలు మన చేలు తాగాయో ఎవరూ లెక్క పెట్టలేదు.

నేను పనిచేసిన చోట ఒకసారి యజమానితో అన్నాను. ఐదు లీటర్ల క్యానుకు కొత్త అచ్చు చేస్తున్నాం. పిడి వెనక చిన్న బుడిపె పెడతాను, దానికి చిన్న మూత, గాలికి దారి అవుతుంది అన్నాను. ఆయన గీత చూశాడు, లెక్క అడిగాడు. ఒక్కో డబ్బాకు రూపాయి కూడా కాదు. "ఎవరైనా అడిగినారా?" అన్నాడు. ఎవరూ అడగలేదు సార్ అన్నాను. "అడగనిదానికి మనం ఎందుకు పెట్టాలి? కారితే మన మీదికి వస్తారు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, మా అమ్మాయి పెళ్లికి చేసిన సాయం నేను మరువలేను. కానీ ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను పీడిస్తుంది. డబ్బా కొనేవాడు గాలి దారి అడగడు, ఎందుకంటే అట్లాంటిది ఉంటుందని చూడలేదు. అమ్మేవాడు పెట్టడు, ఎందుకంటే ఎవరూ అడగరు. ఈ చక్రంలో పడి ఆ అచ్చు అట్లనే ఒకే మూతితో బయటికి పోయింది.

కొన్నేండ్ల కింద మా అక్క కొడుక్కు జరిగింది చెప్తాను. వాడి పేరు చెప్పను, వాడు ఈ బడివాడే, ఇక్కడ చాలామందికి తెలుసు. పత్తికి మందు కొట్టడానికి పెట్రోలు స్ప్రేయరు వచ్చింది గదా, వీపుకు తగిలించుకునేది. దాని పెట్రోలు ట్యాంకు మన చెంబంత కూడా ఉండదు, దాని మూతి ఇంకా చిన్నది. రెండు ట్యాంకులు కొట్టేసరికి అయిపోతుంది. ఎండ మండుతున్నది. గాలి లేస్తే మందు కొట్టలేమని తొందర. స్ప్రేయరు దించి, మూత తీసి, నీళ్ల బాటిల్‌లో తెచ్చిన పెట్రోలు పోస్తున్నాడు. బాటిల్ మెత్తన. నొక్కితే ఎగజిమ్ముతుంది, నొక్కకుంటే గుడగుడమంటుంది. ఒక్క కుదుపుకు పెట్రోలు ట్యాంకు దాటి పక్కనున్న సైలెన్సరు మీద పడింది. ఇంజను అప్పుడే ఆపినాడు. మంట ముందు చేతి మీదికి వచ్చింది, తర్వాత చేతిలోని బాటిల్‌కు. బాటిల్ విసిరేసినాడు, అది వాడి కాళ్ల దగ్గరే పడింది.

ఆదోనికి, అక్కడి నుంచి కర్నూలుకు తీసుకుపోయినారు. బతికినాడు. కుడిచేతి వేళ్లు రెండు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. పత్తి తీసే పని చెయ్యలేడు, ఆ కాలం పని వాడి పెండ్లాం ఒక్కతే చేస్తుంది.

నేను చూడను పోయినప్పుడు, పెద్దవాణ్ని గదా, నాలుగు మాటలు అన్నాను. ఇంజను చల్లారేదాకా ఆగకూడదా? బాటిల్‌లో తెస్తారా? అని. వాడు కట్లు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, "మామా, నువ్వు డబ్బాలు చేసేవాడివే గదా. యాడ దొరుకుతాది మంచి డబ్బా? చూపియ్యి, కొంటా" అన్నాడు.

ఇంటికి వచ్చినాక ఆదోనిలో అంగడి అంగడీ తిరిగాను. ఇనప సామాన్లు, వ్యవసాయ పనిముట్లు, ప్లాస్టిక్ సామాన్లు. ఒక లీటరు, రెండు లీటర్లు పట్టే, సన్న ముక్కూ గాలి దారీ ఉన్న పెట్రోలు డబ్బా ఒక్కటి కనపడలేదు. స్ప్రేయర్లు మాత్రం వరసగా నిలబెట్టి ఉన్నాయి. స్ప్రేయరుతో పాటు పెట్టెలో ఏమి ఇస్తున్నారని అడిగాను. పెట్రోల్లో నూనె కలపడానికి గీతలు గీసిన ఒక ప్లాస్టిక్ సీసా. దానికీ ఒకటే మూతి.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. 1934 నాటి పెట్రోలియం చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని ప్రకారం అమ్మకానికి కాక సొంతానికి ముప్పై లీటర్ల దాకా పెట్రోలు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. కానీ గట్టి మూత ఉన్న గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలోనే ఉంచాలి. గాజు, పింగాణీ అయితే ఒక లీటరు మించకూడదు, లోహమైతే ఇరవై ఐదు లీటర్లు మించకూడదు. ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ మాట అందులో ఎక్కడా లేదు. డీజిలు, కిరసనాయిలు అంత సులువుగా అంటుకోవు గనక వాటికి వేరే లెక్క. పెట్రోలు ఆవిరి మాత్రం చలికాలం తెల్లవారుజామున కూడా నిప్పు కోసం కాచుకుని ఉంటుంది.

బాటిళ్లలో పెట్రోలు పోయొద్దని బంకులకు అప్పుడప్పుడు గట్టి ఆదేశాలు వస్తాయి. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక తహసీల్దారును ఆమె ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టినాక వచ్చాయి. 2024 ఎన్నికల ఓట్ల లెక్కింపుకు ముందు మన రాష్ట్రంలో వచ్చాయి. వాటిని నేను తప్పుపట్టను, కారణాలు అట్లాంటివి. కానీ ఆ రోజుల్లో స్ప్రేయరుకు లీటరు పెట్రోలు కావలసిన రైతు ఏం చేశాడో తెలుసా? బండిలో పోయించుకుని చేనికి పోయి, పైపు పెట్టి నోటితో పీల్చి తీశాడు. బాటిల్ వద్దనడానికి ఒక కాగితం చాలు. బాటిల్‌కు బదులు ఏది అని చెప్పాలంటే ఒక వస్తువు ఉండాలి, అది ఆదోని అంగట్లో, కూలి మనిషి కొనగలిగే ధరలో ఉండాలి.

అమెరికాలో అయితే అన్నీ సరిగ్గా ఉంటాయని అనుకునేవాణ్ని. మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంది. పోయినప్పుడు గడ్డి కోసే యంత్రంలో పెట్రోలు పోసే పని నాకిచ్చినారు, మామయ్యకు తెలిసిన పని గదా అని. ఎర్రటి డబ్బా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ముక్కు చూస్తే తాళంచెవి లేని తాళం. ఒక వైపు నొక్కాలి, తిప్పాలి, ముక్కును ట్యాంకు అంచుకు ఆనించి కిందికి తోయాలి. అప్పుడు లోపలి స్ప్రింగు తెరుచుకుని పెట్రోలు వస్తుంది. ఇవన్నీ ఒకేసారి. నిండు డబ్బాను ఒక చేత్తో ఎత్తిపట్టుకుని. నాకు దేవుడు ఇచ్చినవి రెండు చేతులే. తోసిన తోపుకు ముక్కు జారింది, నా చెప్పులు తడిసినాయి. మా అల్లుడు నవ్వి, "అందరం ఆ ముక్కు పీకేసి గరాటు పెట్టి పోస్తాం మామయ్యా" అన్నాడు.

అక్కడ అదొక పెద్ద కథ. పాత డబ్బాలకు ముందు ముక్కు, వెనక గాలి బెజ్జం ఉండేవి. ఆ రెండు బెజ్జాలూ తెరిచి వదిలేస్తే పెట్రోలు ఆవిరై గాలిలో కలుస్తుంది, దానివల్ల నగరాల మీద పొగమంచు లాంటి కాలుష్యం పడుతుంది. అది నిజమే. 2001లో కాలిఫోర్నియాలో, 2009 నుంచి దేశమంతటా నియమాలు వచ్చాయి. దేశమంతటి నియమం ప్రకారం ఒక గ్యాలను డబ్బా నుంచి రోజుకు 0.3 గ్రాముకు మించి ఆవిరి పోకూడదు, ముక్కు తనంతట తాను మూసుకోవాలి. గాలి బెజ్జం పెట్టొద్దని ఆ నియమంలో ఎక్కడా లేదు. కానీ బెజ్జం ఒకటి ఎక్కువైతే పరీక్షలో గట్టెక్కడానికి ఒక మూత ఎక్కువ, ఒక ఖర్చు ఎక్కువ. తయారుచేసేవాళ్లు బెజ్జమే తీసేశారు. ఆవిరి కాపాడబోయి డబ్బాలు పెట్రోలును నేల మీద పోసేటట్టు చేశారు. నియమం రాసినవాళ్లు గానీ, అచ్చు గీసినవాళ్లు గానీ ఒక్క ఆదివారం గడ్డి కోసి ఉంటే ఇట్ల కాకపోయేది. నా యజమాని రూపాయి ఖర్చుకు వదిలేసిన బెజ్జమూ, వాళ్లు చట్టం పేరుతో తీసేసిన బెజ్జమూ ఒకటే గదా అని ఆ తడి చెప్పులతో నిలబడి అనుకున్నాను.

అక్కడి వాళ్లను అంతా తప్పని అనను. పిల్లలు తెరవలేని మూత ఉండాలని 2008లో ఒక చట్టం తెచ్చారు. 2020లో ఇంకొకటి తెచ్చారు, డబ్బా మూతిలో మంటను ఆపే ఏర్పాటు ఉండాలని. చాలా డబ్బాల్లో అది సన్న జాలీయే. ఇది కూడా మన బడి ల్యాబులో ఉన్నదే. ముక్కాలిపీట మీద ఇనప వల పెట్టి, కింద దీపం వెలిగిస్తే మంట వల దాటి పైకి రాదు, గుర్తుందా? వల వేడిని లాగేసుకుంటుంది. 1815లో హంఫ్రీ డేవీ గనుల దీపానికి పెట్టింది ఇదే సూత్రం. బయట నిప్పు తగిలినా మంట డబ్బా లోపలికి పాకదు. రెండు వందల ఏండ్ల నాటి జాలీ పెట్రోలు డబ్బా మూతికి చట్టంగా చేరడానికి 2020 దాకా పట్టింది.

రిటైరై వచ్చినాక నేను చేసిన పని చిన్నది. ఆదోనిలో లేత్ పని చేసే ఒక తమ్ముడి దగ్గర కూర్చుని రెండు గొట్టాల మూత చేయించాను. లావు గొట్టం పెట్రోలుకు, సన్న గొట్టం గాలికి. సన్నదాని ఒక కొస పోసే ముక్కు కొసకు దగ్గరగా ఉంటుంది, ఇంకో కొస డబ్బా అడుగు దాకా పోతుంది, ఒంచినప్పుడు అదే పైకి వస్తుంది గదా. దీంట్లో ఒక తమాషా ఉంది. ట్యాంకు నిండి పెట్రోలు ఆ సన్న గొట్టం కొసను ముంచేయగానే గాలి ఆగుతుంది, గాలి ఆగితే ధార తనంతట తానే నిలిచిపోతుంది. కోళ్లకు నీళ్లు పెట్టే డబ్బా చూడండి, తొట్టి నిండగానే ఆగుతుంది, కోడి తాగితే మళ్లీ దిగుతుంది. అదే పని. స్ప్రింగులు లేవు, నొక్కేదీ తిప్పేదీ లేదు. మా మేనల్లుడికి మొదటిది ఇచ్చాను, ఒక లీటరు పట్టే లోహపు సీసాకు బిగించి. వాడు ఎడమచేత్తో పోస్తాడు. వాడి ద్వారా పక్క చేన్లవాళ్లు అడిగారు. ఇప్పటికి నలభై దాకా చేయించాం. ధర ఇంకా ఎక్కువే, లేత్ మీద ఒక్కొక్కటి చేస్తే అంతకంటే తగ్గదు. అచ్చు పోయిస్తే తగ్గుతుంది. అచ్చుకు డబ్బు కావాలి, ఆ లెక్క సంఘం పెద్దలతో విడిగా మాట్లాడతాను, సభలో చందా అడగను.

అయ్యవార్లకు రెండు విషయాలు మనవి చేసుకుంటాను. సుగ్గి కాలంలో మన పిల్లలు ఎందరు అమ్మానాయనలతో గుంటూరు వైపు పోతారో మీకే బాగా తెలుసు, ఖాళీ బెంచీలు లెక్కపెట్టేది మీరే. మిరప చేల దగ్గర గుడారంలో స్టవ్వు ఉంటుంది, కిరసనాయిలు కూల్‌డ్రింకు సీసాలో ఉంటుంది. దప్పికతో వచ్చిన చిన్నబిడ్డకు సీసాలో ఉన్నది నీళ్లో నూనో తేడా తెలియదు. తాగితే వాంతి చేయించకూడదు. మన ఊర్లల్లో మొదట చేసేది అదే, ఉప్పునీళ్లు తాగించడం, వేలు పెట్టించడం. వాంతిలో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రార్థన సమయంలో ఈ ముక్క పిల్లలతో చెప్పించండి. సీసాకు ఎర్ర గుడ్డ కట్టించినా కొంత మేలు.

రెండోది లెక్క. ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవ్వచ్చు. పెట్రోలు పది డిగ్రీల వేడికి నూటికి దాదాపు ఒక వంతు పొంగుతుంది. తెల్లవారి ఇరవై ఐదు డిగ్రీల్లో ఇరవై లీటర్ల డబ్బాను అంచు దాకా నింపి, మధ్యాహ్నం నలభై ఐదు డిగ్రీల చేన్లో పెడితే ఎంత ఎక్కువవుతుంది? నాలుగు వందల మిల్లీలీటర్లు. అది ఎక్కడికి పోవాలి? ఆవిరి ఒత్తిడి దానికి అదనం. అందుకే ఉబ్బిన డబ్బా మూత ఒక్కసారిగా తీస్తే ముఖం మీదికి చిమ్ముతుంది. నీడకు తెచ్చి, కొంచెం కొంచెం వదులు చెయ్యాలి. అట్లే, బంకులో డబ్బా నింపేటప్పుడు బండి మీదనో ట్రాలీలోనో పెట్టి నింపకండి, నేల మీద దించండి. ప్లాస్టిక్ మీద పుట్టే స్థిర విద్యుత్తు ఒక్క చిటుకు వేస్తే చాలు. దువ్వెనతో కాగితం ముక్కలు లేపిన ప్రయోగం గుర్తు చేసుకోండి.

నాకిచ్చిన సమయం దాటింది, కార్యదర్శి గడియారం చూపిస్తున్నాడు. భోజనాలు అయినాక ల్యాబు ముందర వరండాలో ఒక బల్ల వేయించాను. దాని మీద చదరపు తగరం డబ్బా ఒకటి ఉంది, మేకు బెజ్జం కొట్టకుండా. పక్కన ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాను, మా అమ్మాయి పంపిన అమెరికా డబ్బా, నా రెండు గొట్టాల మూత. అన్నింట్లో నీళ్లే పోశాను, భయం లేదు. ఒక గరాటు, కింద పళ్లెం, చేతిగడియారం పెట్టాను. ఏది ఎంతసేపట్లో నిండుతుందో, పళ్లెంలో ఎన్ని నీళ్లు పడతాయో తొమ్మిదో తరగతి పిల్లలు రాసుకుంటారు. పెద్దవాళ్లు కూడా వచ్చి ఒక్కొక్క డబ్బా ఒంచి పోండి. మేకూ సుత్తీ కూడా అక్కడే ఉన్నాయి, ఆ తగరం డబ్బాకు రెండో బెజ్జం ఎవరు కొడతారో మీరే తేల్చుకోండి.